దోర్నకల్ తండ్రిగారు : బిషప్ అజరయ్యగారి జీవితము

విశాఖపట్టణమున పెరుగు బిడ్డలకు పెద్ద పనులను చూచుట క్రొత్త గాదు. డాల్ఫిన్ కొండ ప్రక్కనుండి ఓడలు రేవులోనికి వచ్చుటయు, ఉక్కు కర్మాగారమునకు పనివారు వేకువనే బయలుదేరుటయు వారు నిత్యము చూచుచునే యున్నారు. రేవు 1933 సంవత్సరమున తెరువబడినది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమయ్యెను. ఇట్టి గొప్ప సంస్థలను నడుపుటకు నిర్వహణ శాస్త్రము నేర్చినవారు కావలసియుందురు. ఆ విద్యను మన నగరముననే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1957 నుండి బోధించుచున్నది. 2015లో ఐ.ఐ.ఎం. కూడ ఇచ్చట స్థాపితమైనది. కనుకనే పై తరగతుల బాలబాలికలను మీరేమి చదువదలచితిరని మేము ప్రశ్నించినప్పుడు, ఎం.బి.ఏ. యని బదులు చెప్పువారు ఏటేట అధికమగుచున్నారు. చదివి ఏ పనిని నిర్వహింపదలచితిరని రెండవ ప్రశ్న వేసినచో, బ్యాంకుల పేర్లును కంపెనీల పేర్లును వినవచ్చును గాని, గ్రామమను మాట వినరాదు.

ఇందుకు మేము బిడ్డలను గాని తల్లిదండ్రులను గాని నిందింపము. మన పాఠశాలకు బిడ్డలను పంపు కుటుంబములలో అనేకములు రెండు మూడు తరముల క్రిందట శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల పల్లెలనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవే. ఎంతో శ్రమపడి విడిచివచ్చిన పల్లెకు చదువుకొన్న బిడ్డను తిరిగి పంపుమనిన తల్లిదండ్రుల మనస్సు కలుక్కుమనుట సహజము. విద్యకు ఫలము పల్లెను విడుచుటయేనా, లేక పల్లెకు మరలుట కూడనా యను ప్రశ్న నేటిది గాదు. నూరు సంవత్సరములకు పూర్వమే తెలుగు దేశమున ఒక మహనీయుడు ఈ ప్రశ్నకు తన జీవితముతో సమాధానము చెప్పెను. ఆయనయే దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. వారి పేరు మన సంఘములలో అందరెరిగినదే. వారు చేసిన పని ఎట్టిదో ఎరిగినవారు మాత్రము తగ్గిపోవుచున్నారు. కావున ఈ సంచికయందు వారి చరిత్రమును సంగ్రహముగా తెలుప బూనితిమి.

అజరయ్యగారు పుట్టుకచే తెలుగువారు గారు. 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి మండలమున వెళ్లాలన్‌విళై యను చిన్న గ్రామమున జన్మించిరి. అది తాటితోపుల నేల. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ గ్రామపు గురువు. పెండ్లియై చాలకాలము పుత్రసంతానము లేక, ప్రార్థించి పొందిన కుమారుడు గనుక బైబిలులోని హన్నా కుమారుని పేరు పెట్టిరి. తండ్రి చిన్నతనముననే గతింపగా, తల్లి ఎలెన్ అమ్మగారు కుమారుని గట్టి క్రమశిక్షణలో పెంచిరి. గ్రామ గురువు ఇంట పుట్టినవానికి గ్రామ జీవనము పుస్తకములలో చదివి తెలిసికొన వలసినది గాదు. వాన రాని ఏడు ఎట్లుండునో, అప్పు పెరిగిన యిల్లెట్లుండునో, చదువురాని తల్లి బిడ్డ జబ్బున ఎట్లు తల్లడిల్లునో ఆయన బాల్యముననే ఎరుగును.

మిషను పాఠశాలలలో చదువు ముగించి, అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి గణితము అభ్యసించిరి. కాని పట్టము పుచ్చుకొనకయే కళాశాల విడిచిరి. ఈ విషయమును విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. వేలకొలది గ్రామసేవకులను తయారుచేసిన విద్యావేత్తకు స్వయముగా పరీక్షలో నెగ్గిన పట్టము లేదు. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారు గౌరవ పట్టమిచ్చి సన్మానించిరి గాని, అది ఆయన చేసిన పనికి వచ్చిన మన్నన. ఇట్లు చెప్పుటచే పరీక్షలను తేలికగా చూడవచ్చునని ఎవరును తలపకుందురు గాక. పట్టము తలుపును తెరచును. లోపల ప్రవేశించి పని చేయవలసినది మనిషియే.

ఆ కళాశాలలో ఆయనకొక ఆప్తమిత్రుడు లభించెను. ఆయనయే సేలమునకు చెందిన కె. టి. పాల్‌గారు. ఈ మిత్రులిద్దరి పేర్లును భారతదేశపు గ్రామోద్ధరణ చరిత్రలో జంటగా చెప్పదగినవి. పాల్‌గారిని గురించి ముందు మరల ప్రస్తావింతుము.

1895లో అజరయ్యగారు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిలో ప్రవేశించి, 1909 వరకు దక్షిణ దేశమంతయు తిరిగిరి. పట్టణ పట్టణమున యువకులను కూర్చుట, సభలు జరుపుట, చందాలు వసూలుచేయుట, లెక్కలు సరిచూచుట, తగవులు తీర్చుట, ఒకడు చేయలేని పనిని పదిమందిచే చేయించుట ఆయన నిత్యవిధులు. నేటి వారు నిర్వహణ విద్య యని దేనిని పిలుచుచున్నారో, దానిని ఆయన పదునాలుగు సంవత్సరములు రైలుబండ్లలోను, సభాస్థలములలోను అభ్యసించెనని చెప్పవచ్చును. ఈ కాలముననే, 1898లో, అన్బు అమ్మగారిని వివాహమాడిరి. ఆ ప్రాంతపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటివారిలో ఆమె యొకరు. తరువాతి పనిలో ఆమె భాగము ఎంత గొప్పదో ముందు తెలియగలదు.

1902లో అజరయ్యగారు యాఫ్నా వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు సంఖ్యలో కొద్దివారైనను, ఇతర స్థలములకు తమ ఖర్చుతోనే సేవకులను పంపుచుండుట చూచిరి. తిరునల్వేలి క్రైస్తవులు అంతకంటె ఎంతో పెద్ద సమూహమయ్యు, అట్టి ప్రయత్నమేదియు చేయలేదు గదా యని ఆయన మనస్సు నొచ్చుకొనెను. ఎల్లప్పుడు పరదేశపు ధనము వచ్చుననియు, పరదేశపు మనుష్యులు వచ్చుదురనియు చేతులు ముడుచుకొని కూర్చుండుట మనకు తగునా యని తిరిగి వచ్చి తనవారిని ప్రేరేపించిరి. 1903 ఫిబ్రవరిలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టినది. దాని నియమము స్పష్టమైనది: మనుష్యులు ఈ దేశపువారే, ధనము ఈ దేశపుదే, నిర్వహణము ఈ దేశపువారిదే. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో, కేరీ పండితుని జ్ఞాపకములు నిలిచియున్న స్థలమున, జాతీయ మిషనరీ సంఘము కూడ స్థాపింపబడెను. అందును అజరయ్యగారును పాల్‌గారును ముందుండిరి.

తిరునల్వేలి సంఘమువారు తమ సేవకై యెన్నుకొన్న స్థలము మన తెలుగు దేశమే. నైజాము రాజ్యపు తూర్పు భాగమున దోర్నకల్ అను ఊరు కలదు. ఇప్పుడది తెలంగాణమున మహబూబాబాదు జిల్లాలోనిది. బెజవాడనుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున, బొగ్గు గనులకు పోవు శాఖ చీలు కూడలి యది. చుట్టును అడవులు, రాతినేలలు, విడివిడిగా చిన్న పల్లెలు. తిరునల్వేలినుండి మొదటి సేవకులు అక్కడికి పోయి పని ఆరంభించిరి. కార్యదర్శి యైన అజరయ్యగారు వారికి ఉత్తరములు వ్రాయుచు, ధనము సమకూర్చుచు నుండిరి. కొంతకాలమునకు ఆయన మనస్సున ఒక ప్రశ్న పుట్టెను. ఇతరులను పొండని చెప్పువాడు తాను పోకుండుట న్యాయమా?

ఈ ప్రశ్న వచ్చునప్పటికి ఆయన అనామకుడు గాడు. 1907లో టోక్యో నగరమున జరిగిన విద్యార్థుల మహాసభకు పోయి వచ్చియుండెను. మద్రాసులో గౌరవమును, దేశదేశముల స్నేహితులును ఉండిరి. ముప్పదియైదేండ్ల వయస్సు, భార్య, బిడ్డలు. అట్టివాడు 1909లో గురుత్వము నొంది, కార్యదర్శి పదవిని విడిచి, తనకు భాష తెలియని దోర్నకల్ చేరెను. మొదట గుడారములో కాపురము. తెలుగు అక్షరములను బాలునివలె దిద్ది నేర్చుకొని, క్రమముగా ఆ భాషయందే ఉపదేశించుటకును, పల్లెవారితో కష్టసుఖములు మాటలాడుటకును నేర్పరి యయ్యెను. అధికారి పల్లెకు వచ్చినప్పుడు పల్లె అతని భాష నేర్చుకొనవలెనని లోకమర్యాద. ఇచ్చట పల్లె భాషను అధికారియే నేర్చుకొనెను. గ్రామసేవకు ఇది మొదటి పాఠమని మా యభిప్రాయము.

మరుసటి యేడు, 1910లో, స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్యగారు ప్రసంగించిరి. మిషనరీలు భారతదేశమునకై చేసిన త్యాగములను మెచ్చుకొనుచునే, దానధర్మములకంటె, ప్రాణత్యాగముకంటె కూడ తమకు కావలసినది సమానులైన స్నేహితులని ఆయన నిర్భయముగా తెలిపిరి. వినినవారిలో కొందరు నొచ్చుకొనిరి. కాని ఆ ప్రసంగము నేటికిని మరువబడలేదు. పై మెట్టునుండి క్రిందికి చేయి చాచి యిచ్చునది సహాయము కావచ్చును గాని స్నేహము గాదని ఆయన భావము. దొరలనుద్దేశించి పలికిన ఈ మాట, నేడు పట్టణమునుండి పల్లెకు పోవు మన చదువరులకు కూడ అంతయు తగును.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ దేవాలయమున అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నొందిన మొదటి భారతీయుడు ఆయనయే. నియామకమునకు ముందు దొరలలో కొందరును, మనవారిలో కొందరును కూడ ఆక్షేపించిరి. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్‌దొరగారు మాత్రము గట్టిగా నిలిచిరి. మొదట చిన్నదిగా నున్న అధ్యక్ష మండలము 1920లో కృష్ణా ప్రాంతము చేరుటతో విస్తరించెను. 1945లో మరణించువరకు, ఆ సంఘమున ఒక మండలమునకు అధిపతిగా నున్న భారతీయుడు ఆయన యొక్కరే.

ఆ మండలములో ఆయన ప్రజలెవరు? అధిక సంఖ్యాకులు మాల మాదిగ కులములవారు. ఊరికి వెలుపల నివాసము. ఊరి బావియందు నీరు తోడరాదు. ఇతరుల పొలములలో కూలి. తండ్రి చేసిన అప్పునకు కొడుకు వెట్టి. అక్షరము వచ్చినవాడు పల్లెకొక్కడైనను లేడు. దస్తావేజుపై వేలిముద్ర వేయువాడు దానిలో ఏమి వ్రాసియున్నదో ఎరుగడు. ఇట్టి పల్లెలనుండి, మాకొక పంతులును పంపుడను పిలుపులు ఒకదానిపై నొకటి వచ్చుచుండెను.

అజరయ్యగారికి కలిగిన చిక్కు ఇట్టిది. పట్టణమున చదివిన వానిని తెచ్చి మాలపల్లెలో నిలిపినచో వాడు నిలువడు. నిలిచినను వాని దృష్టి రైలు స్టేషనుపైననే యుండును. పల్లెలోని కుర్రవానిని తీసికొనిపోయి పట్టణపు చదువు చెప్పించినచో వాడు పల్లెకు తిరిగిరాడు. వచ్చినను తల్లి దెచ్చిన నీటికుండ నెత్తుటకు సిగ్గుపడును. చదువు చెప్పకున్న పని జరుగదు. చదువు చెప్పినచో మనిషి దక్కడు. ఈ చిక్కు నేటి గ్రామీణ నిర్వహణ కళాశాలలను కూడ విడువలేదు.

ఆయన కనిపెట్టిన మార్గమున మూడు అంగములు కలవు. మొదటిది, సేవకులను ఆ ప్రజలలోనుండియే యెన్నుకొనుట. వారికి పల్లె పరాయిది గాదు. పల్లెకు వారును పరాయివారు గారు. రెండవది, శిక్షణకు దోర్నకల్‌నే స్థానముగా చేయుట. అది తానును పల్లెయే గనుక శిక్షణకు వచ్చినవాడు పల్లె బ్రతుకునకు దూరము కాడు. చదువుతోపాటు పొలము పనియు, చేతిపనులును నేర్పబడెను. పుస్తకము పట్టిన చేయి పలుగు పట్టుటకు సిగ్గుపడరాదని ఆయన పట్టుదల. మూడవది, మిక్కిలి ముఖ్యమైనది, కుటుంబమంతకును శిక్షణ ఇచ్చుట. భర్త చదువుచుండగా భార్యకు కూడ అక్షరములు, శిశుపోషణ, శుభ్రత, పల్లె స్త్రీలకు బోధించు విధానము నేర్పబడెను. పల్లెకు పోవునది ఉద్యోగి గాదు, ఒక కుటుంబము. ఆ యిల్లే పల్లెవారికి మొదటి పాఠ్యపుస్తకము. ఈ పనిలో అన్బు అమ్మగారు తన జీవితమును ధారవోసిరి.

ఇట్లు సిద్ధపడి పల్లెకు పోయిన పంతులు చేయని పని లేదు. పగలు పిల్లలకు బడి. కూలివారు పొలములనుండి తిరిగివచ్చి, గంజి త్రాగిన పిమ్మట, దీపము వెలుతురున పెద్దలకు బడియు ప్రార్థనయు. జ్వరమునకు మందిచ్చువాడు అతడే, ఉత్తరము చదివి పెట్టువాడు అతడే, తగవు తీర్చువాడు అతడే. చదువురాని వారికి పాఠము నిలుచుటకు తెలుగు కీర్తనలును, పాటలతో కూడిన కథలును సాధనములాయెను. పాటగా నేర్చినది పొలములో కలుపు తీయునప్పుడు కూడ నోట నుండును గదా. 1935 నాటికి ఇట్టి గ్రామోపాధ్యాయులు 2,000 మందికి పైబడిరి. వైద్యశాలలు, సహకార సంఘములు, ముద్రణాలయములు కూడ మండలమున వెలసినవి. 1941 నాటికి మండలపు క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలను మించెను.

బిషప్పుగారు బంగళాలో కూర్చుండి ఈ పనిని నడుపలేదు. ఎడ్లబండిపై పల్లె పల్లె తిరిగి, గుడారమున మకాము చేసి, రాత్రి కూడిన జనులతో నేలపై కూర్చుండి మాటలాడుచుండిరి. పల్లెవారు ఆయనను తండ్రిగారని పిలిచిరి. బిరుదులు రాజు ఇచ్చును, పట్టములు విశ్వవిద్యాలయము ఇచ్చును. ఇట్టి పిలుపును మాత్రము ప్రజలే యిత్తురు.

ధన విషయమున ఆయన పద్ధతి ఇంకను విశేషమైనది. పేదవాడు పుచ్చుకొనుటకే గాని యిచ్చుటకు పుట్టలేదని లోకము తలచుచుండగా, అజరయ్యగారు పేదవానికి ఇచ్చు గౌరవమును నేర్పిరి. ప్రతి యింట అన్నము వండునప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యము వేరుగా తీసి సంఘమునకై యుంచును. కోతల కాలమున పండుగ చేసి ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు తలకొక కానుకగా తెచ్చెదరు. కూలివాని కానుక చిన్నదే. కాని దానితో పల్లెయందు, ఈ బడి మాది, ఈ పంతులు మావాడు అను భావము పుట్టినది. తనది యనుకొనిన దానిని మనిషి కాపాడును. ఎవరో యిచ్చిన దానిని పాడుపెట్టును. క్రైస్తవుల దాతృత్వమును గురించి ఆయన వ్రాసిన గ్రంథము అనేక భాషలలోనికి పోయినది. వైట్‌హెడ్‌దొరగారితో కలిసి 1930లో గ్రామ సంఘములను గురించి మరియొక గ్రంథము ప్రకటించిరి.

దోర్నకల్ దేవాలయమును చూచినవారికి ఆయన మనస్సు తెలియును. 1939 జనవరిలో ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడమున దేవళముల స్తంభములును, మసీదుల గుమ్మటములును, క్రైస్తవ చిహ్నములును కలిసి యున్నవి. సువార్త మన నేలలో పరదేశపు మొక్కగా గాక, మన వాన త్రాగి పెరుగు చెట్టుగా నుండవలెనని ఆయన కోరిక.

ఆయన పని లోపరహితమని చెప్పుట సత్యము గాదు. స్వయంపోషణ ఆయన ఆశయమైనను, మండలము పరదేశ ధనసహాయమును పూర్తిగా విడువజాలలేదు. ఒకే బల్లయొద్ద కూర్చుండినను మాల మాదిగల మధ్య పాత తగవులు మాయలేదు. కులమును సంఘములోనికి రానీయరాదని ఆయన తుదివరకు పోరాడిరి. సామూహికముగా మతము మారుటను గాంధీమహాత్ముడు ఆక్షేపించినప్పుడు, పల్లెలోని పేదవానికి తన విశ్వాసమును తానే యెన్నుకొను హక్కు గలదని అజరయ్యగారు నిలిచిరి. అట్లని ఆయన దేశమునకు దూరముగా నుండలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కావలెనను వాదమును ఆయన తిరస్కరించిరి. క్రైస్తవుడు దేశమునందు వేరొక ముక్కగా నుండరాదని తలంచిరి. పెద్దలిద్దరును పల్లెను ప్రేమించినవారే. ప్రేమించినవారి మధ్య కూడ మార్గభేదములుండునని విద్యార్థులు గ్రహింతురు గాక.

ఇక కె. టి. పాల్‌గారి సంగతి. ఆయన 1916లో వై.ఎం.సి.ఏ. ప్రధాన కార్యదర్శియై, పల్లెవాని అప్పే పల్లెవాని సంకెల యని గుర్తించి, సహకార పరపతి సంఘములను గ్రామములలో నెలకొల్పుటకు పాటుపడిరి. 1931లో పరమపదించిరి. ఆయన చూపిన దారిలోనే తిరువాన్కూరు మార్తాండమున గ్రామ పునర్నిర్మాణ కేంద్రము ప్రసిద్ధి గాంచెను. స్పెన్సర్ హాచ్‌దొరగారి యాజమాన్యమున అచ్చట తేనెటీగల పెంపకము, కోళ్ల పెంపకము, గ్రుడ్లను సహకార పద్ధతిని అమ్ముకొనుట నేర్పుటయేగాక, గ్రామసేవకులకు ప్రత్యేకముగా శిక్షణ తరగతులు జరిగెను. ఒక మిత్రుడు పల్లె మనిషిని, మరియొక మిత్రుడు పల్లె ధనమును బాగుచేయ బూనిరి. రెండును కలిసినగాని పల్లె నిలువదు.

వీరు వేసిన విత్తనములను పోలిన మొక్కలు తరువాత దేశమున అనేక చోట్ల లేచినవి. యేసుసభ గురువులు రాంచీ నగరమున 1955లో స్థాపించిన సంస్థయందు గ్రామాభివృద్ధి ఒక విద్యగా బోధింపబడుచున్నది. గుజరాతు రాష్ట్రమున, పాల సహకార సంఘములకు పుట్టినిల్లయిన ఆనంద్ పట్టణమున, 1979లో కురియన్‌గారు గ్రామీణ నిర్వహణ సంస్థను నెలకొల్పిరి. పాడి రైతులు తమ సొత్తైన సంఘమును తామే యేలుకొనుచుండగా, వారికి సేవకులై లెక్కలు, అమ్మకము, యంత్రములు చూచుకొను చదువరులు కావలసివచ్చిరి. కనుక ఆ విద్యార్థులను తరగతి గదిలోనే కూర్చుండబెట్టక, కొన్ని వారములు పల్లెలలో కాపురముండి నేర్చుకొని రమ్మని పంపుదురు. దోర్నకల్ గుడారమునకు ఈ యేర్పాటు దూరపు చుట్టమని మేము తలంతుము.

మన విశాఖపట్టణమున కూడ ఇట్టి పనికి కొదువ లేదు. గిరిజనుల సరకులను న్యాయమైన ధరకు కొనుటకై 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు ముఖ్య కార్యస్థానము ఈ నగరమే. చింతపండు, తేనె, కుంకుడుకాయలు, అరకు పాడేరు కొండల కాఫీ ఇట్టి సంస్థ చేతిమీదుగా బజారుకు వచ్చును. తూనిక సరిగా నున్నదా, పైకము సకాలమున ముట్టినదా, నిలువచేసిన సరకు చెడినదా, బజారులో ధర యెట్లున్నది యను ప్రశ్నలపై కొండమీది యింటి అన్నము ఆధారపడియున్నది. ఇవి చిన్న ప్రశ్నలు గావు. ఉక్కు కర్మాగారమునకు ఎంత తెలివి కావలెనో, ఈ పనికిని అంత తెలివియు, దానికి తోడు కొంత ప్రేమయు కావలెను.

ఇచ్చట మా తప్పు నొకటి ఒప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక కొండపల్లెకు పోయితిమి. శుభ్రతను గురించి పటములు చూపి చక్కగా ఉపన్యసించితిమి. అంతయు ఓపికగా విని ఒక ముసలమ్మ, చేతులు కడుగుకొనుటకు నీరు ఎక్కడినుండి తెత్తుము నాయనా యని అడిగినది. ఊట పల్లెకు చాల దిగువను ఉన్నది. ఆమె బిందె మోయుటను మేము దారిలో చూచితిమి గాని, చూచినదానిని గురించి ఆలోచింపలేదు. తిరిగివచ్చునప్పుడు పిల్లలెవ్వరును మాటలాడలేదు. మేము చెప్పిన ఉపన్యాసములో అసత్యమేమియు లేదు. అడుగవలసిన ప్రశ్నను ముందుగా అడుగకపోవుటయే మా లోపము. అజరయ్యగారు గుడారము వేసికొని తెలుగు దిద్దుకొన్న దినములు వ్యర్థ దినములు గావని నాడు మాకు బోధపడెను.

అజరయ్యగారు 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్‌లో నిద్రించిరి. ఆయన సంవత్సరముల తరబడి పాటుపడిన సంఘముల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ హిందూదేశ సంఘముగా సిద్ధించెను. దానిని చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. అయినను నాటినవాడే కోయవలెనను నియమము లేదు గదా. ఆయన పల్లెలకు పంపిన పంతుళ్ల మనుమలును మునిమనుమలును నేడు ఉపాధ్యాయులై, వైద్యులై, ఉద్యోగులై దేశమంతట నున్నారు. పిడికెడు బియ్యము వేరు తీసిన ఆ తల్లుల ఋణము వారిపైన నున్నది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలను పల్లెకే పంపుడని మేము బలవంతపెట్టము. చదివినవారికి తగిన జీతము, గౌరవము, బిడ్డలకు బడి పల్లెయందు దొరకునట్లు చేయుట ప్రభుత్వమునకును సంఘమునకును విధి. త్యాగము పేరు చెప్పి సేవకుని పస్తుంచుట ధర్మము గాదు. కాని మీ బిడ్డ తనంతట తాను, నేను రేవు పనిని గాక రైతు పనిని నిర్వహింప నేర్చుకొందును అని చెప్పిన దినమున, అది తక్కువ పని యని మాత్రము నిరుత్సాహపరుపకుడు.

విద్యార్థులారా, మీరు నిర్వహణ శాస్త్రము చదువుడు. లెక్కలు బాగుగా నేర్వుడు. యంత్రములను, బజారును ఎరుగుడు. ఆ పిమ్మట ఏదో యొక దినమున మీకు ఒక పల్లె కనబడును. అప్పుడు ఉపన్యాసము సంచిలోనే యుంచి, ముందుగా ఆ పల్లె భాషను వినుడు, నేలపై కూర్చుండుడు, నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో అడిగి తెలిసికొనుడు. పట్టము లేని కార్యదర్శి యొకడు దోర్నకల్ చెట్లక్రింద అట్లే ఆరంభించి, తుదకు లక్షలాది జనులకు తండ్రి యయ్యెను.